ఇంటి ఖర్చు ఎంత పెరిగిందో తెలియాలంటే ఏది మేలు: అడుగు రేటా, సర్కారు సూచీనా, సొంత నోటుబుక్కా?

2025 జులై ఆఖర్లో ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య తెనాలిలో మా ఆఫీసుకు వచ్చారు. వాళ్లు 2014లో వెయ్యి చదరపు అడుగుల్లో కింద ఇల్లు కట్టుకున్నారు. అప్పుడు అడుగుకు 1,250 రూపాయలు పడింది. ఇప్పుడు పైన అంతే ఇల్లు వేయాలంటే మేస్త్రీ 2,100 అడుగుతున్నాడు. "ఏమండీ ఇంజినీరు గారూ, ధరలు నిజంగానే ఇంత పెరిగాయా? లేక మేం పెద్దవాళ్లమని ఇలా చెబుతున్నాడా?" అని మాస్టారు అడిగారు. ఆయన ఆడిటర్‌ని కూడా కదిపి, ఒక లెక్క కాగితం మీద రాసుకొచ్చారు. దాని ప్రకారం 1,958 రావాలట.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది ఈ ప్రశ్నే. దీనికి జవాబు చెప్పే కొలబద్దలు మన చేతిలో నాలుగైదు ఉన్నాయి. దేన్ని ఎక్కడ వాడాలో తెలియక లక్షలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను కాబట్టి ఇది వివరంగా రాస్తున్నాను.

ముందు అందరి నోటా నలిగే చదరపు అడుగు రేటు సంగతి. ఒక్క అంకెలో తేలిపోతుంది, బ్యాంకు లోనుకు ఎంత అడగాలో అంచనా కూడా అందుతుంది. కానీ ఏళ్ల తరబడి మార్పును కొలవడానికి ఇంతకంటే నమ్మకూడని అంకె లేదు. ఎందుకంటే రేటు పెరిగినప్పుడు ధర పెరిగిందో, ఇల్లు పెరిగిందో అది చెప్పదు. మాస్టారి 1,250లో పునాది, బేస్‌మెంట్, మట్టి ఫిల్లింగ్ కలిసే ఉన్నాయి. పై అంతస్తుకు అవేవీ ఉండవు. అంటే ధరలు ఒక్క రూపాయి మారకపోయినా పైది కింది దానికంటే తక్కువకే రావాలి. పైగా అప్పుడు మాస్టారు లేబర్ కాంట్రాక్టు ఇచ్చి, సామాను తనే కొన్నారు. ఇప్పుడు మేస్త్రీ చెప్పింది విత్ మెటీరియల్ రేటు. కింద మామూలు టైల్స్, చెక్క కిటికీలు. పైన అబ్బాయి కోరిక మీద ఫాల్స్ సీలింగ్, యూపీవీసీ కిటికీలు, వంటింట్లో గ్రానైట్, గదికో కప్‌బోర్డు. ఈ రెండు రేట్లనూ పక్కపక్కన పెట్టి 'పదకొండేళ్లలో 68 శాతం పెరిగింది' అంటే ఆ లెక్క నిలవదు.

ఇక ఆడిటర్ చెప్పిన లెక్క. ఆదాయపు పన్ను శాఖ వాడే కాస్ట్ ఇన్‌ఫ్లేషన్ ఇండెక్స్ 2014-15కి 240, 2025-26కి 376. 1,250ని 240తో భాగించి 376తో గుణిస్తే ఆ 1,958 వస్తుంది. లెక్క తప్పేమీ కాదు, కొలబద్దే దీనిది కాదు. పట్టణ వినియోగదారుల ధరల సూచీ సగటు పెరుగుదలలో 75 శాతాన్ని ఆధారం చేసుకుని ఏటా దీన్ని ప్రకటిస్తారు. అందులో కూరగాయలు, బస్సు ఛార్జీలు, స్కూలు ఫీజులు ఉంటాయి. ఐరన్ టన్ను ఎంతైతే దానికేం? ఇల్లు అమ్మినప్పుడు పన్ను లెక్కకు అది కావాలి. అక్కడ కూడా, 2024 జులై 23కి ముందు కొన్న ఆస్తికే ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరను ఈ సూచీ ప్రకారం పెంచి చూపి, మిగిలిన లాభం మీద 20 శాతమా, అది లేకుండా 12.5 శాతమా అని ఎంచుకునే వీలుంది. కట్టుబడి ఖర్చుకు మాత్రం దాన్ని తాకొద్దు.

టోకు ధరల సూచీ, అంటే డబ్ల్యూపీఐ, దీనికంటే చాలా మెరుగు. సిమెంట్, ఉక్కు, రంగులు, ఇటుకలు అన్నింటికీ అందులో విడివిడిగా అంకెలు ఉంటాయి. నెలనెలా వస్తాయి, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో సామాను ధర పెరిగితే ఎంత అదనంగా ఇవ్వాలన్నది చాలావరకు దీని మీదే లెక్క కడతారు. కాంట్రాక్టరు చేతిలోనూ, ఇంజినీరు చేతిలోనూ లేని అంకె కాబట్టి గొడవ ఉండదు. నాకు దీని మీద గౌరవం ఉంది. కానీ మన ఇంటికి వచ్చేసరికి మూడు లోపాలు. కూలీ ఇందులో లేదు. ఇది దేశమంతటికీ ఒకటే అంకె. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరక్క స్లాబులు ఆగిపోయి, మేస్త్రీలు పనుల్లేక ఇంట్లో కూర్చున్న నెలల్ని ఈ అంకెలో వెతికినా కనపడవు. మూడోది చాలామంది గమనించరు: 2011-12 ఆధారంగా ఉన్న శ్రేణిలో పరోక్ష పన్నులను లెక్కలోకి తీసుకోరు. 2025 సెప్టెంబరు 22న సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. బస్తా కొనేవాడికి అది తగ్గుదలే. పన్ను తీసేసి చూసే సూచీకి అది తగ్గుదల కాదు.

మన రాష్ట్రాల ఎస్‌ఎస్‌ఆర్, అంటే ప్రభుత్వ పనుల కోసం పెట్టుకున్న ప్రామాణిక రేట్ల పట్టిక, దాని సంగతి వేరు. సామాను రేటుతో పాటు మేస్త్రీ, కూలీ రేట్లు కూడా అందులో ఉంటాయి. క్వారీ నుంచి సైటుకు ఎన్ని కిలోమీటర్లో చూసి లీడ్, అంటే రవాణా ఖర్చు, కలుపుతారు. మార్పును చూడటానికి ఇది మంచి ఆధారం. అయితే అవి ఎస్టిమేటు వేయడానికి పెట్టుకున్న రేట్లు. టెండర్లలో వాటికంటే ఇంత శాతం తక్కువకో, ఎక్కువకో కోట్ చేయడం మామూలే. కేంద్ర ప్రజా పనుల శాఖ ప్లింత్ ఏరియా రేట్లను (కట్టడ విస్తీర్ణాన్ని బట్టి వేసే రేట్లు), వాటికి తోడు ఊరూరి కాస్ట్ ఇండెక్స్‌ను చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. దాని ఆధారం మారుతూ వచ్చింది. 1992 రేట్లకు ఒక 100, 2007 రేట్లకు ఇంకో 100, 2012 రేట్లకు మరో 100. రెండు వేర్వేరు శ్రేణుల అంకెలను తెచ్చి నేరుగా భాగిస్తే ఖర్చు తగ్గినట్టు కూడా కనపడుతుంది.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది సొంత నోటుబుక్కు. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. అమెరికాలో ఇంజినీరింగ్ న్యూస్ రికార్డ్ అనే పత్రిక వందేళ్లుగా చేస్తున్నది ఇదే. ఒక బుట్టలో 200 గంటల కూలీ, 2,500 పౌండ్ల స్ట్రక్చరల్ స్టీల్, 1.128 టన్నుల సిమెంట్, 1,088 బోర్డు అడుగుల కలప వేసుకుంది. 1913 ధరకు 100 అని పేరు పెట్టి, ఇరవై నగరాల్లో ఆ బుట్ట ధరను చూస్తూ వస్తోంది. పరిమాణం కదలదు కాబట్టి కదిలేది ధరే. అదే దేశంలో టర్నర్ అనే నిర్మాణ సంస్థ 1967ను 100గా పెట్టుకుని ఇంకో సూచీ ఇస్తుంది. అందులో కూలీ, సామానుతో పాటు కాంట్రాక్టర్ల మధ్య పోటీ ఎలా ఉందన్నది కూడా చూస్తారు. ఒకటి సామాను వైపు నుంచి, ఇంకొకటి కాంట్రాక్టరు అడిగే రేటు వైపు నుంచి. మాస్టారి విషయంలో జరిగిన పొరపాటు కూడా ఇక్కడే ఉంది. 1,250 మొదటి రకం అంకె, 2,100 రెండో రకం.

మాస్టారి భార్య చేసిన పని చూసి నాకు ముచ్చటేసింది. 2014 నాటి బిల్లులన్నీ ఒక పాత పట్టుచీర కవర్లో దాచిపెట్టారు. ట్రాక్టర్ ఇసుకకు బిల్లు ఇవ్వకపోతే క్యాలెండర్ కాగితం వెనక తేదీ, ట్రిప్పు రాసి, డ్రైవర్‌తో సంతకం పెట్టించారు. ముగ్గురం ఒక మధ్యాహ్నమంతా కూర్చుని కూడాం. సిమెంట్ 412 బస్తాలు, ఐరన్ నాలుగు టన్నులకు కాస్త తక్కువ. అడుగుకు 0.4 బస్తా, నాలుగు కిలోల ఐరన్ అని మేం నోటికి చెప్పే లెక్కకు దాదాపు సరిపోయింది. ఇటుకలు, కంకర, టైల్స్, వైరింగ్, మేస్త్రీ పని, సెంట్రింగ్, రాడ్ బెండింగ్ విడివిడిగా రాసుకుని, ఒక్కోదానికీ ఆ వారం రేటు వేశాం.

అదే కింది ఇంటిని ఇప్పుడు కడితే అడుగుకు 1,780. అంటే పదకొండేళ్లలో ధరల వల్ల పెరిగింది 42 శాతం. ఎక్కువగా పెరిగింది సిమెంటో ఐరనో కాదు, కూలీ. పునాది, బేస్‌మెంట్ తీసేస్తే 270 తగ్గి 1,510 అయింది. మేస్త్రీని పిలిచి అడిగితే, దాచకుండా తన పెట్టుబడికీ లాభానికీ కలిపి 180 వేసుకున్నానన్నాడు. అది అన్యాయం కాదు. అతను అడిగిన 2,100లో మిగిలిన 410 ఫాల్స్ సీలింగ్, కిటికీలు, గ్రానైట్, కప్‌బోర్డులవి. వెయ్యి అడుగులకు నాలుగు లక్షల పదివేలు. ఎవరూ ముంచలేదు. ఆ డబ్బు దేనికి పోతోందో ఇంతకుముందు కనపడలేదు, అంతే.

నోటుబుక్కు వల్ల ఇంకో మేలు వాటాలు తెలియడం. మొత్తం ఖర్చులో ఐరన్ వాటా 20 శాతం అనుకోండి. ఐరన్ 25 శాతం పెరిగితే ఇంటి ఖర్చు పెరిగేది 5 శాతమే. 2022 వేసవి మొదట్లో ఐరన్ మండిపోయింది. మే 21న కేంద్రం ఉక్కు ఎగుమతుల మీద సుంకం వేసింది, ఆ తర్వాత ధర దిగింది, నవంబరులో ఆ సుంకాన్నీ ఎత్తేశారు. ఆ ఏప్రిల్‌లో టెన్షన్ పడి మొత్తం రేటునే 15 శాతం పెంచి ఒప్పుకున్నవాళ్లు నాకు తెలుసు. ఐరన్ దిగాక ఆ 15లో ఒక్క శాతం కూడా వెనక్కి రాలేదు. వాటా తెలిసి ఉంటే అడగడానికి నోరు ఉండేది.

దీనికీ లోపాలున్నాయి. పాత బిల్లులు లేకపోతే వెనక్కి వెళ్లలేం. అప్పుడు డబ్ల్యూపీఐలో సిమెంట్, ఉక్కు అంకెలు, కూలీకి ఆ ఏటి ఎస్‌ఎస్‌ఆర్ తీసుకుని అతుకు వేయాల్సిందే. ఒకే కొట్టు రేటు రాస్తే ఆ కొట్టువాడి లాభం మన లెక్కలో దూరుతుంది, కనీసం రెండు చోట్ల అడగాలి. రాసేటప్పుడు బ్రాండు, గ్రేడు, జీఎస్టీ కలిపా లేకుండానా, సైటుకు దింపా లేక కొట్టు దగ్గరా అన్నది కూడా రాయాలి. ఇసుకకు ఇది మరీ ముఖ్యం. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక ఉచితమే. కానీ లోడింగ్, కిరాయి మన జేబులోంచే పోతాయి కాబట్టి పుస్తకంలో సున్నా రాసుకుంటే కుదరదు.

శ్రావణంలోనే వాళ్లు అగ్రిమెంట్ రాసుకున్నారు. ఫాల్స్ సీలింగ్ హాలుకు మాత్రమే ఉంచారు. నా మాట మీద ఒక షరతు చేర్చారు: ఆ రోజు సిమెంట్ బస్తా 350, ఐరన్ కిలో రేటు ఇంత అని రాసి, ఆపైన పెరిగినా తగ్గినా తేడా బిల్లు ప్రకారం సర్దుకోవాలని. పెరిగితే తనకు రావాలన్నదే మేస్త్రీ ఆలోచన, వెంటనే ఒప్పుకున్నాడు. దసరా తర్వాత పని మొదలయ్యేసరికి జీఎస్టీ తగ్గింది. కొట్టులో బస్తా 323కి వచ్చింది. మొదటి లోడు దిగిన రోజు మాస్టారి భార్య బిల్లు తీసుకుని, బస్తాకు 27 చొప్పున వంద బస్తాలకు 2,700 కొత్త నోటుబుక్కులో రాసి, పక్కన మేస్త్రీ చేత సంతకం పెట్టించారు.