టైటానిక్: పక్కకు తిప్పడం మేలా, నేరుగా గుద్దడం మేలా?

టైటానిక్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక వాదన వినిపిస్తుంది. మంచుకొండను తప్పించబోయి పక్క చీల్చుకునే బదులు, నేరుగా గుద్ది ఉంటే ఓడ నిలిచేదని. కొట్టిపారేయాల్సిన మాట కాదిది.

1912 ఏప్రిల్ 14 రాత్రి 11:40కి, పైన కాపలా కాస్తున్న ఫ్రెడరిక్ ఫ్లీట్ మూడుసార్లు గంట కొట్టి, ఎదురుగా మంచుకొండ ఉందని కిందికి ఫోన్ చేశాడు. డ్యూటీలో ఉన్న ఆఫీసర్ విలియం మర్డాక్ ఓడను ఎడమకు తిప్పించాడు. ముక్కు తప్పుకుంది గానీ కుడి పక్క మంచుకు ఒరుసుకుంటూ పోయింది. ఓడ కట్టిన కంపెనీ ఇంజినీరు ఎడ్వర్డ్ వైల్డింగ్ విచారణలో చెప్పిన లెక్క ప్రకారం పడ్డ కంతలన్నీ కలిపినా సుమారు 12 చదరపు అడుగులే. మన ఇంటి తలుపంత కూడా లేదు. కానీ ఓడ కింది భాగాన్ని అడ్డుగోడలతో గదులుగా విడదీశారు, ఆ కంతలు వరసగా చాలా గదుల మీద పడ్డాయి. మొత్తం 16 గదుల్లో ముందువి నాలుగు నిండినా ఓడ తేలుతుంది, అంతకు మించితే కష్టం. పైగా అడ్డుగోడలు పైదాకా లేవు. ముక్కు దిగేకొద్దీ నీళ్లు ఒక గోడ మీంచి పొర్లి పక్క గదిలో పడ్డాయి.

నేరుగా గుద్ది ఉంటే? ముందుభాగం 80 నుంచి 100 అడుగుల దాకా నుజ్జయినా ఓడ మునిగేది కాదని అదే వైల్డింగ్ అన్నాడు. 1879లో అరిజోనా అనే ఓడ అలాగే మంచుకొండను గుద్ది, ముక్కు పచ్చడైనా ఒడ్డు చేరింది. అయితే టైటానిక్ ముందుభాగంలోనే బాయిలర్ కార్మికులు పడుకునేవారు. తప్పించే ప్రయత్నమైనా చేయకుండా, వాళ్లు చనిపోతారని తెలిసీ కొన్ని సెకన్లలో ఆ ఆర్డర్ ఇవ్వడం ఎవరి తరం? మర్డాక్‌ను తప్పుపట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఓడ ఇనుప రేకులను కలిపి పట్టే రివెట్లు (మేకుల్లాంటివి) నాసిరకమని కొందరంటారు. నష్టం పెరగడానికి అదీ కారణం కావచ్చు. కానీ అదే యార్డులో కట్టిన జోడీ ఓడ ఒలింపిక్ 1935 దాకా నడిచింది.

నన్నడిగితే ఈ రెండిటికన్నా మేలైన దారి ఇంకొకటుంది: వేగం తగ్గించడం. ఆ రోజంతా మంచు ఉందని వైర్‌లెస్‌లో హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. చంద్రుడు లేని రాత్రి. అలలు లేకపోవడంతో మంచుకొండ అడుగున తెల్లటి నురగ కూడా కనపడదు. అయినా ఓడ 22 నాట్ల (గంటకు సుమారు 41 కిలోమీటర్ల) వేగంతో పోతోంది. మంచు కంటపడే దాకా వేగం తగ్గించకపోవడం అప్పటి కెప్టెన్లకు అలవాటే, కెప్టెన్ స్మిత్ కూడా అదే చేశాడు. తర్వాత జరిగిన బ్రిటిష్ విచారణ కూడా ప్రమాదానికి మితిమీరిన వేగమే కారణమని తేల్చింది.

ఆగడం కుదరని పనేం కాదు. అదే రాత్రి, అదే సముద్రంలో కాలిఫోర్నియన్ అనే ఓడ మంచు చూసి 10:21కే ఆగిపోయింది. ఆ సంగతి టైటానిక్‌కు చెప్పబోతే, ప్రయాణికుల టెలిగ్రాములు పంపుతూ తలమునకలుగా ఉన్న ఆపరేటర్ జాక్ ఫిలిప్స్ మధ్యలోనే నోరు మూయమన్నాడు. అప్పటికింకా ఢీకొనలేదు.