వరెన్నా: కోమో సరస్సుకి రైల్లో వెళ్తే దిగాల్సిన చోటు

ఇటలీకి మొదటిసారి వెళ్తూ, కారు లేకుండా సరస్సు చూడాలంటే మా ఓటు వరెన్నాకే. మిలన్ ప్రధాన స్టేషన్ మిలానో చెంత్రాలేలో తిరానో రైలెక్కితే గంటా పది నిమిషాల్లో దిగొచ్చు. బోర్డు మీద వరెన్నా పేరు కోసం వెతక్కండి, పెద్దగా కనిపించేది చివరి స్టేషన్ తిరానో పేరే. ఎడమవైపు కిటికీ పట్టుకోండి. దారిలో లెక్కో ఊరు దాటాక నీళ్లన్నీ అటే. రీజనల్ రైలు కాబట్టి సీటు రిజర్వేషన్ ఉండదు. కాగితం టికెట్ అయితే స్టేషన్లో ఉన్న మిషన్‌లో ముద్ర పడ్డాకే ఎక్కాలి, మర్చిపోతే జరిమానా.

స్టేషన్ నుంచి ఫెర్రీ రేవుకి పది నిమిషాల నడక, అంతా దిగుడే. అక్కణ్ణుంచి సరస్సు ఒడ్డునే ఉన్న బెల్లాజియో ఊరికి ఫెర్రీలో పావుగంట. ఇబ్బందల్లా సామానుతోనే: రేవు చుట్టూ రాళ్లు పరిచిన మెట్ల సందులు, చక్రాల పెట్టెనైనా చేత్తో మోయాల్సిందే. బరువు ఎక్కువుంటే మిలానో స్టేషన్లోనే లగేజీ డిపాజిట్‌లో పడేసి, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోండి. వేసవి ఆదివారాల్లో ఆ తిరుగు రైళ్లు కిక్కిరిసిపోతాయి.

మిలానో నుంచి నేరుగా వెనిస్ పోయేవాళ్లకి మాత్రం ఇది చుట్టుదారి. వాళ్లు దారిలోనే గార్డా సరస్సు ఒడ్డున్న పెస్కియేరాలో దిగడం తెలివి. అదే గార్డా ఒడ్డున్న సిర్మియోనే ఊరికి వెళ్లాలంటే మాత్రం రైలు లేదు. అదే రైలు దారిలో ఉన్న దెసెన్జానోలో దిగి బస్సో పడవో పట్టాలి.