డెన్సిటోమీటరా, స్పెక్ట్రోనా: ఫ్లెక్సోలో ఏది మేలు?

ఫ్లెక్సోలో, అంటే మెత్తని ప్లేట్లతో చేసే ప్యాకేజింగ్ ప్రింటింగ్‌లో, రంగు కొలవడానికి డెన్సిటోమీటర్, స్పెక్ట్రో (స్పెక్ట్రోఫోటోమీటర్)లలో ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలని చాలామంది అడుగుతూనే ఉన్నారు. ధరలో అంత తేడా ఉన్నప్పుడు అడగడం సబబే.

డెన్సిటోమీటర్ చేసే పని చిన్నది, కానీ చక్కగా చేస్తుంది. ప్రింట్ మీద పడ్డ కాంతిలో ఎంత తిరిగొచ్చిందో ఫిల్టర్ల గుండా చూసి చెబుతుంది: పదో వంతు వస్తే డెన్సిటీ 1.0, నూరో వంతు వస్తే 2.0. మీ పనంతా సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్‌తోనే నడుస్తుంటే సాలిడ్ డెన్సిటీ (నిండుగా పడ్డ ఇంక్ ఎంత ముదురో), డాట్ గెయిన్ (ప్రింట్‌లో చుక్క ఎంత పెరిగిందో), ట్రాపింగ్ (ఒక ఇంక్ మీద ఇంకోటి ఎంత పట్టిందో) అన్నీ దీంతోనే తేలిపోతాయి. నిన్నటిదాకా 66 చూపించిన 50 శాతం డాట్ ఇవాళ 74 చూపిస్తే, ఇంప్రెషన్ (ప్లేట్ ఒత్తిడి) ఎక్కువ నొక్కారేమో ముందు చూసుకోవచ్చు.

కానీ ప్యాకేజింగ్‌లో ఆ సుఖం ఎక్కడుంది? జాబు మీద జాబు స్పాట్ కలర్లే, అంటే ఆ నాలుగింటితో కాకుండా విడిగా కలిపి వాడే రంగులే. పైగా మనకు ఆఫ్‌సెట్ వాళ్లలా ఇంక్ కీలు లేవు. డెన్సిటీ తగ్గితే వాళ్లు కీ తిప్పి ఇంక్ పెంచుకుంటారు కాబట్టి ‘ఎంత’ అన్నది తెలిస్తే వాళ్లకు చాలావరకు పని జరిగిపోతుంది. మనకు అనిలాక్స్ అనే ఇంక్ రోల్ మీది సెల్స్ (చిన్న గుంటలు) ఎంత మోస్తే అంతే. రోల్ మార్చకుండా మన చేతిలో ఉన్నది బకెట్‌లోని ఇంకే: సాల్వెంట్ పోయాలా, ఎక్స్‌టెండర్ (రంగులేని ఇంక్) కలపాలా, ఇంకో రంగు కాస్త వేయాలా? షేడ్ ఎటు జరిగిందో తెలియకుండా ఇది తేలదు. నా మటుకు తీర్పు ఇక్కడే అయిపోతుంది.

నీలం జాబు తర్వాత ఇంక్ ఛాంబర్, పంపు పైపులు సరిగా కడగకుండా ఆరెంజ్ ఎక్కించారనుకోండి. ఆరెంజ్‌ను డెన్సిటోమీటర్ సాధారణంగా నీలం ఫిల్టర్‌తో చదువుతుంది. ఆ ఫిల్టర్‌కు ఆరెంజ్ ఎలాగూ ముదురుగానే కనిపిస్తుంది కాబట్టి కాస్త నీలం ఇంక్ కలిసినా అంకె పెద్దగా కదలదు. రీడింగ్ ఓకే, రంగు మాత్రం మురికి పట్టినట్టుంటుంది. స్పెక్ట్రో 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ముక్కలు ముక్కలుగా చదువుతుంది. ఎరుపు వైపు గ్రాఫ్ కుంగడం, ‘ఎల్’ (రంగు ఎంత లేతో చెప్పే అంకె)తో పాటు ‘ఏ’ (ఎరుపు-ఆకుపచ్చ అంకె) కూడా పడిపోవడం వెంటనే కనిపిస్తాయి. అలా కాకుండా షేడ్ అదే ఉండి రంగు ముదిరిందంటే, సాల్వెంట్ ఆవిరై ఇంక్ చిక్కబడిందేమో జాన్ కప్పు (చిక్కదనం కొలిచే చిల్లు కప్పు) ముంచి చూడండి.

ఇంకో మాట, ఆ ఒక్క రీడింగ్ నుంచే స్పెక్ట్రో డెన్సిటీ, డాట్ గెయిన్ కూడా లెక్కకట్టి ఇస్తుంది. స్పాట్ కలర్ టింట్లకు (చుక్కలతో వచ్చే లేత ఛాయలకు) 2017లో వచ్చిన ఐఎస్ఓ 20654 పద్ధతి కూడా స్పెక్ట్రల్ కొలత మీదే ఆధారపడింది.

దీనికీ తలనొప్పులున్నాయి. డెల్టా ఈ (రెండు రంగుల మధ్య తేడా చెప్పే అంకె) 2 లోపు ఉండాలని రాసి, ఏ ఫార్ములాతోనో రాయకపోతే అది స్పెసిఫికేషనే కాదు, ఎందుకంటే గాఢమైన పసుపుల్లో 1976 ఫార్ములా ఇచ్చే అంకె 2000 ఫార్ములా ఇచ్చేదానికంటే చాలా పెద్దగా వస్తుంది. ఎం0 పెట్టి మీరు, ఎం1 పెట్టి కస్టమర్ కొలిస్తే (రెండూ కొలిచే కాంతి సెట్టింగులు) తెల్లదనం పెంచే రసాయనాలున్న పేపర్ మీద అంకెలు కలవవు. పారదర్శక ఫిల్మ్ అయితే కింద ఏం పెట్టి కొలిచారన్నదే సగం జవాబు. మెటాలిక్ ఇంకులకు 45 డిగ్రీల్లో కాంతి వేసి నేరుగా పైనుంచి చూసే మామూలు 45/0 స్పెక్ట్రోను నమ్మొద్దు, డెన్సిటోమీటర్‌ను అసలే వద్దు.

కంటితో పాస్ చేయడం గురించి కూడా అడుగుతారు. డీ50 (ప్రామాణిక పగటి వెలుతురు) లైట్ బూత్ ఉంటే చివరి చూపుకు సరే, ట్యూబ్‌లైట్ కింద మాత్రం వద్దు. ఇన్‌లైన్ (ప్రెస్ మీదే బిగించే) స్పెక్ట్రోలు పెద్ద లైన్లు నడిపేవాళ్ల వ్యవహారం.

కాబట్టి ఒకటే కొంటుంటే స్పెక్ట్రో కొనండి, కొని ఇంక్ రూమ్‌లో పెట్టండి. ఇప్పటికే డెన్సిటోమీటర్ ఉంటే పారేయకుండా ప్రెస్ దగ్గర డాట్ గెయిన్ చూడ్డానికి ఉంచుకోండి. రెండిటికీ తెల్ల టైల్ మీద కాలిబ్రేషన్ మాత్రం షిఫ్టు మొదట్లోనే.