డైనమో స్థానంలో ఆల్టర్నేటర్: పాత అంబాసిడర్‌పై దీర్ఘకాల సమీక్ష

కోనసీమలో పాత కారు నడిపేవారికి బ్యాటరీ తరచుగా దిగిపోవడానికి కారు వయసుతో పాటు ఇక్కడి రోడ్లూ కారణమే. కాలువ గట్ల వెంట మలుపులు తిరుగుతూ, ఎదురుగా ధాన్యం ట్రాక్టరో చేపల లారీయో వస్తే ఆగి దారి ఇస్తూ సాగే ప్రయాణంలో ఇంజిన్ వేగంగా తిరిగే అవకాశం తక్కువ; ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసే డైనమో మాత్రం ఇంజిన్ స్లోలో ఉంటే దాదాపు ఏమీ ఇవ్వదు. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న నా అంబాసిడర్ మార్క్ 2కు డైనమో తీసి, అదే పని చేసే ఆల్టర్నేటర్ పెట్టించి కొన్నేళ్లు గడిచాయి కనుక, లాభనష్టాలు రెండూ చెప్పగలను.

లూకాస్ సీ40 తరహా డైనమో గరిష్ఠంగా ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు. 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు వెలిగితేనే దాదాపు 9 ఆంపియర్లు పోతాయి. వాటికి వైపర్లు, ఇగ్నిషన్ కాయిల్, వెనుక లైట్లు కలిస్తే, వాన కురిసే రాత్రి ధవళేశ్వరం బ్యారేజీ మీద వాహనాల వరుసలో నిలిచిన కారు పూర్తిగా బ్యాటరీ మీదే బతకాలి.

తేడా రెండింటి నిర్మాణంలోనే ఉంది. డైనమోలో కరెంటు ఆర్మేచర్ అనే తిరిగే తీగచుట్టలో పుడుతుంది. అదంతా దానితో పాటు తిరిగే రాగి పలకల కామ్యుటేటర్, దానికి రాసుకునే కార్బన్ల గుండానే బయటికి రావాలి కనుక దానిని మితిమీరిన వేగంతో తిప్పడానికి వీలులేదు. ఆల్టర్నేటర్‌లో కరెంటు స్టేటర్ అనే కదలని తీగచుట్టలో పుట్టి, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ల ద్వారా డీసీగా మారుతుంది. కార్బన్ల మీదుగా వెళ్లేది ఫీల్డుకు (లోపల తిరిగే అయస్కాంతపు చుట్టకు) కావలసిన కొద్దిపాటి కరెంటు మాత్రమే. అందువల్ల చిన్న పుల్లీ వేసి, ఇంజిన్ స్లోలో ఉన్నా దానిని వేగంగా తిప్పవచ్చు. ఇప్పుడు నా కారు లైట్లు, వైపర్లు వేసుకొని స్లోలో నిలిచినా మీటరు 13.8 వోల్టుల కంటే తగ్గడం లేదు. సంక్రాంతి రద్దీలో రావులపాలెం దాటడానికి గంట పట్టినా ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయడానికి భయం లేదు.

అయితే ఆల్టర్నేటర్ బిగించడం ఇందులో చిన్న పని; ఖర్చులోనూ ఓపికలోనూ సింహభాగం వైరింగుదే. ఆ తరం బ్రిటిష్ రూపకల్పన కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొన బాడీకి కలిపి (ఎర్త్ చేసి) ఉంటుంది, నేడు దొరికే ఆల్టర్నేటర్లు నెగటివ్ ఎర్త్‌వి. బ్యాటరీ తిప్పి కలపడంతో పాటు ఇగ్నిషన్ కాయిల్ వైర్లను కూడా మార్చాలి. పొరపాటున తలకిందులుగా కలిపితే డయోడ్లు ఆ క్షణంలోనే కాలిపోతాయి. బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా ఆపే పాత కటౌట్ అవసరం ఉండదు కానీ, చార్జింగ్ లైటును మాత్రం తీసివేయకూడదు: మొదట ఫీల్డుకు కరెంటు అందేది ఆ చిన్న బల్బు గుండానే. డ్యాష్‌బోర్డులో ఆమ్మీటర్ (కరెంటు కొలిచే మీటరు) ఉన్నవారు అది ఆల్టర్నేటర్ ఇచ్చే 35 ఆంపియర్లను తట్టుకోగలదో లేదో చూసుకొని, లేకపోతే వోల్ట్‌మీటర్ పెట్టించుకోవడం మేలు. సెల్ఫ్, డైనమో పని చేసే పాతతరం మేస్త్రీలకు ఇవన్నీ కొట్టినపిండి. కొత్త కార్లకే అలవాటుపడిన కుర్రవాళ్లకు ముందుగా వివరించాలి.

ఫిర్యాదులూ ఉన్నాయి. ఫ్యాన్, వాటర్ పంపు, ఆల్టర్నేటర్ మూడింటినీ తిప్పేది ఒకే బెల్టు కావడంతో, బ్యాటరీ బాగా దిగి ఉన్న రోజున తడి ఉదయం స్టార్ట్ చేస్తే బెల్టు కీచుమంటుంది. పుల్లీలు ఒకే వరుసలో లేకపోతే బెల్టు అంచు త్వరగా చీలుతుంది. వాషర్లు వేసి సరిచేశాక నా కారులో అది తగ్గింది. అంతర్వేది వైపు తిరిగే కార్లకు ఉప్పుగాలి వల్ల ఎర్త్ పట్టీల దగ్గర పచ్చటి చిలుము పడుతుంది. ఇంజిన్‌కూ బాడీకీ మధ్య మందపాటి ఎర్త్ పట్టీ కొత్తది వేయించకుండా ఆల్టర్నేటర్ పెట్టించడం డబ్బు దండగ అని నా అభిప్రాయం. తుప్పుపట్టిన ఫ్లోరుకు వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ, ఆల్టర్నేటర్ కనెక్షన్లు తప్పక విప్పించాలి. డైనమో అంతటి మోటు వ్యవహారాన్ని సహించేది, డయోడ్లు సహించవు.

ఆదివారం పగటిపూట మాత్రమే కారు బయటికి తీసేవారికి మంచి స్థితిలో ఉన్న డైనమో చాలు. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన వాహనం అసలు రూపంలో ఉండాలని కోరుతాయి కనుక, ఆ ఆలోచన ఉన్నవారు తీసిన డైనమోను, కటౌట్‌ను, బ్రాకెట్‌ను పాత ఇనుముకు వేయకుండా తేమ తగలని చోట దాచుకోవాలి.