విజయవాడ ఆటోనగర్‌లో పాత కారు ఇగ్నిషన్ (స్పార్క్) పని చేయించేవాళ్లు ముందు ఇది చదవండి

నిన్న సాయంత్రం జరిగింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. షాపు పేరు రాయను. ఆటోనగర్‌లో పాత మారుతీలు చేయించేవాళ్లకు నేను ఎవరి గురించి చెబుతున్నానో రెండు మాటల్లో అర్థమైపోతుంది.

బండి నాన్నగారిది, 1997 మారుతి 800, కార్బొరేటర్ మోడల్. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ఎండలో అరగంట నడిచాక టక్కున ఆగిపోతుంది. పావుగంట ఆగితే మళ్లీ మామూలే. అమ్మను గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వారధి మీద ఆగింది. వెనక లారీలు, పక్కన అమ్మ. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఆ షాపు మెకానిక్ మూడు విడతలుగా రిపేరు చేశాడు. కార్బొరేటర్ సర్వీసుకి 1,800. తగ్గలేదు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, ప్లగ్ వైర్లు కలిపి 3,600. తగ్గలేదు. చివరికి స్పార్క్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ పోయింది, కొత్తది వేశానని 2,200. కూలీ 2,000. మొత్తం 9,600 ఇచ్చాను. పాత సామాను ఇమ్మంటే "చెత్తలో పడేశాం సార్" అన్నాడు. అక్కడే గట్టిగా అడగాల్సింది. అడగలేదు, తప్పు నాదే.

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర మళ్లీ ఆగింది. ఇంటి పక్కన ఉండే బాబాయికి ఫోన్ చేశాను. ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరయ్యారు. బండి వేడిగా ఉండగానే చూడాలని ఆటో పట్టుకుని వచ్చేశారు. యాక్సిలరేటర్ లాగితే కార్బొరేటర్ లోపల పెట్రోల్ చిమ్ముతోంది, కాబట్టి పెట్రోల్ లోపం కాదన్నారు. తర్వాత ఒక ప్లగ్ విప్పి, వైరుకు తగిలించి, ప్లగ్ ఒళ్లు ఇంజను లోహానికి ఆనించి నన్ను సెల్ఫ్ కొట్టమన్నారు. సన్నగా, నారింజ రంగులో, ఉండీ లేనట్టు నిప్పురవ్వ. కాయిల్ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు, అంత వేడి. తడిగుడ్డ చుట్టి పది నిమిషాలు ఆగాం. మళ్లీ సెల్ఫ్ కొడితే చిటపటమని నీలం రంగు స్పార్క్. బండి స్టార్ట్ అయింది.

కాయిల్ బ్యాటరీ 12 వోల్టులను వేల వోల్టులు చేసి ప్లగ్గుకు పంపుతుంది. లోపల సన్నటి రాగి తీగ చుట్టలు చుట్టలుగా ఉంటుంది. దాని ఇన్సులేషన్ పాడైతే వేడెక్కినప్పుడు స్పార్క్ పడిపోతుంది, చల్లారితే మళ్లీ వస్తుంది. అందుకే చల్లటి బండిని షెడ్డులో ఎంతసేపు చూసినా జబ్బు దొరకదు.

మరి కాయిల్ కొత్తదే కదా అన్నాను. బాబాయి మాట్లాడకుండా గోటితో గీకారు. నల్ల పెయింటు పెచ్చులా ఊడి కింద తుప్పు కనిపించింది. కాయిల్‌ని పట్టి ఉంచే క్లాంపు స్క్రూ గాడిలో కూడా అదే పెయింటు. ఆ కాయిల్‌ని అసలు విప్పనేలేదు. ఉన్నదానికే బండి మీదే రంగు పూశాడు.

నిన్న తీసుకెళ్లి చూపించాను. అప్పటిదాకా "సార్" అన్న మనిషి, నలుగురి ముందు "నువ్వు చూసుకునే కదా తీసుకెళ్లావు. ఇరవై ఏళ్లు దాటిన డొక్కు, తుక్కుకి అమ్ముకో పో" అన్నాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకు రాత్రి నిద్ర పట్టలేదు. నాన్నగారు పోయే ముందు వారం కూడా ఆ బండి తుడిచారు.

వేరే చోట కాయిల్ కొని బాబాయి చేతే వేయించాను, అతను వేసిన బిల్లులో సగం కూడా కాలేదు. ఈ రోజు మధ్యాహ్నం ఎండలో మంగళగిరి దాకా వెళ్లి వచ్చాను, ఒక్కసారి కూడా ఆగలేదు.

మీరు వెళ్లాల్సి వస్తే బండి వేడి మీద ఆగినప్పుడే స్పార్క్ చూపించమనండి. పాత సామాను చేతికి ఇచ్చాకే డబ్బులు ఇవ్వండి. కొత్త సామాను డబ్బా మీ ముందే విప్పించండి, బిల్లు మీద సామాను పేరు రాయించుకోండి. రంగు పూసిన కాయిల్ నా దగ్గరే ఉంది, చూడాలన్నవాళ్లకు చూపిస్తాను.