హెడ్ ఫేసింగ్ చేయించిన ఆర్15కి ఎన్‌జీకే సీఆర్9ఈ ప్లగ్: ఊళ్లోనూ, ఘాట్‌లోనూ వాడి చూశాక

తొలి తరం యమహా ఆర్15 బైక్‌కి ఎన్‌జీకే కంపెనీ సీఆర్8ఈ స్పార్క్ ప్లగ్ చక్కగా సరిపోతుంది. 149 సీసీ, లిక్విడ్ కూలింగ్, 10.4:1 కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోలు మిశ్రమం నొక్కుకుపోయే నిష్పత్తి) ఉన్న ఆ ఇంజన్‌ను ఎవరూ ముట్టుకోకుండా ఉంటే వేరే నంబరు గురించి ఆలోచించనవసరం లేదు. అయితే నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి పాత యజమాని హెడ్ ఫేసింగ్ చేయించి (అంటే సిలిండర్ మీది మూత అడుగును కొంచెం చెక్కించి), పలుచని గ్యాస్కెట్ వేయించాడు. దానితో కంప్రెషన్ కంపెనీ లెక్క దాటిపోయింది. అందుకే ఒక మెట్టు చల్లనిదైన సీఆర్9ఈ తెచ్చి బిగించాను.

ఈ నంబర్ల విషయంలో మన విజయనగరం స్పేర్ పార్ట్స్ కౌంటర్ల దగ్గర వినిపించే మాట ఒకటుంది: "నంబరు పెరిగితే పికప్ పెరుగుతాది బాబూ." అది నిజం కాదు. ఆ నంబరు చెప్పేది ప్లగ్ హీట్ రేంజ్, దానికీ నిప్పురవ్వ బలానికీ సంబంధం లేదు. ప్లగ్ వేడిని పుట్టించదు. సిలిండర్‌లో మంట వల్ల తన కొనకు తగిలిన వేడిని ఎంత త్వరగా హెడ్‌లోకి దించగలదో తెలిపేదే ఆ నంబరు. లోపలి పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి దిగడానికి దారి ఎక్కువై కొన వేడిగా ఉంటుంది, పొట్టిగా ఉంటే త్వరగా చల్లబడుతుంది. ఎన్‌జీకే, డెన్సో కంపెనీల్లో నంబరు పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది (ఎన్‌జీకే 8కి డెన్సోలో 24, 9కి 27 సమానం). బాష్, ఛాంపియన్‌లలో సరిగ్గా దీనికి తిరగబడి, నంబరు పెరిగేకొద్దీ ప్లగ్ వేడిది. ఎన్‌జీకే లెక్క పట్టుకుని బాష్, ఛాంపియన్ ప్లగ్ అడిగితే కోరినదానికి వ్యతిరేకమైనది చేతికి రావచ్చు.

ప్లగ్ కొన ఉష్ణోగ్రత సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే మసి తనంతట తాను కాలిపోతుంది. 850 ప్రాంతానికి చేరితే స్పార్క్ రాకముందే కొన వేడికి పెట్రోలు అంటుకునే ప్రమాదం ఉంది. ఎన్‌జీకే చెప్పేదాని ప్రకారం ఒక మెట్టు మారితే కొన ఉష్ణోగ్రతలో 70 నుంచి 100 డిగ్రీల తేడా వస్తుంది. కంప్రెషన్ పెరిగిన ఇంజన్‌లో ఆ పై హద్దుకు ఇంకా దగ్గరగా తిరుగుతాం కాబట్టి, ఆ 70 డిగ్రీలు చిన్న విషయం కాదు.

శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు ఘాట్ ఎక్కేటప్పుడు ఈ తేడా కంటికే కనిపించింది. ఇద్దరం కూర్చుని రెండో గేరులో, మూడో గేరులో ఆగకుండా ఎక్కి, లోడు మీద ఉండగానే క్లచ్ పట్టి ఇంజన్ ఆపి, కాస్త చల్లారాక ప్లగ్ విప్పి చూడాలి. అలా కాకుండా పైన టీ కొట్టు ముందు ఐడిల్‌లో ఉంచి ఆపితే, ఆ కాసేపట్లో పట్టిన మసి అసలు రంగును కప్పేస్తుంది. సీఆర్8ఈ ఉన్నప్పుడు పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా, ఎలక్ట్రోడ్ అంచు నీలంగా మారి కనిపించింది. సీఆర్9ఈతో అదే ఎత్తు ఎక్కాక పింగాణీ లేత గోధుమ రంగులో ఉంది. నాకు కావలసింది అదే. పింగాణీ మీద సన్నని మెరిసే చుక్కలుంటే అది పిస్టన్ అల్యూమినియం కరిగి అంటుకున్న గుర్తు, అప్పుడు ప్లగ్ సంగతి తరవాత, ముందు ఇంజన్ చూపించుకోవాలి. ఈ బండిలో అవి కనిపించలేదు.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఎత్తు మీద వచ్చే టకటక నాకింగ్ శబ్దం చల్లని ప్లగ్ వేసినంత మాత్రాన పోదు. అది కంప్రెషన్‌కు తగిన ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) పెట్రోలులో లేకపోవడం వల్లనో, స్పార్క్ టైమింగ్ ముందుకు ఉండటం వల్లనో వచ్చేది. నేను ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయించాకే అది తగ్గింది. ప్లగ్ కాపాడేది, కొన నిప్పుకణికలా మారి పెట్రోలును ముందుగా అంటించకుండా మాత్రమే.

ఊళ్లో మాత్రం ఈ ప్లగ్‌కు మంచి మార్కులు వేయలేను. గంటస్తంభం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా నత్తనడక ట్రాఫిక్‌లో తిరిగితే అంచు చుట్టూ పొడి మసి పడుతోంది, చలికాలం ఉదయాల్లో సెల్ఫ్ కొంచెం ఎక్కువసేపు నొక్కవలసి వస్తోంది. భోగాపురం మీదుగా హైవే ఎక్కి విశాఖ దాకా వెళ్లొస్తే ఆ మసి చాలావరకు కాలిపోతుంది. హెడ్ ఫేసింగ్ చేయించినా కాలేజీకీ ఇంటికీ తప్ప బండి ఎక్కడికీ కదలకపోతే సీఆర్8ఈ వేసి, రంగు గమనిస్తూ ఉండటమే మేలు. ఎటూ తేల్చుకోలేనివారు చల్లని దానితో మొదలుపెట్టాలని నా అభిప్రాయం, ఎందుకంటే అది తప్పయితే ప్లగ్‌కు మసి పడుతుంది, వేడి ప్లగ్ తప్పయితే పిస్టన్‌కు చిల్లి పడుతుంది.

బిగింపులోనూ జాగ్రత్త కావాలి. ఇది 10 మి.మీ. మర, హెడ్ అల్యూమినియం. ముందు వేళ్లతో చివరిదాకా తిప్పి, ఆపైన 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు బిగిస్తే చాలు. పొడవు రాడ్డు తగిలించి బలంకొద్దీ తిప్పే మెకానిక్ చేతికి దీన్ని ఇవ్వకండి. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. మధ్య ఉందో లేదో ఫీలర్ గేజ్‌తో చూసుకోవాలి, పెట్టెలోంచి తీసిందల్లా సరిగ్గా ఉంటుందన్న హామీ లేదు. నకిలీలు కూడా తిరుగుతుంటాయి కనుక, పింగాణీ మీది అక్షరాలు చెదిరి ఉన్నా, పక్క ఎలక్ట్రోడ్ మధ్య ఎలక్ట్రోడ్‌కు ఎదురుగా కాక పక్కకు జరిగి ఉన్నా కౌంటర్ మీదే తిరిగి ఇచ్చేయడం మంచిది. 8 నంబరు దొరికినంత తేలిగ్గా 9 మన ఊళ్లో దొరకదు. చెప్పి ఉంచితే తెప్పిస్తారు. ఇరీడియం రకమైన సీఆర్9ఈఐఎక్స్ ధర దీనికి కొన్ని రెట్లు ఉంటుంది, కానీ దాని హీట్ రేంజ్ కూడా ఇదే 9. కేవలం వేడి సమస్య కోసమైతే అంత డబ్బు పెట్టనవసరం లేదు.