అడ్వాన్స్ ఇవ్వని ఓనర్‌పై లోక్ అదాలత్: హన్మకొండలో ఈ దారి ఎంతవరకు పనికొస్తుంది

కిరాయి ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇచ్చాక రెండు మూడు నెలల అడ్వాన్స్ ఓనర్ దగ్గరే ఆగిపోతే, దానికోసం నేరుగా దావా వేస్తే చాలాసార్లు వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ. పోలీస్ స్టేషన్‌కు పోతే సివిల్ తగాదా అని పంపిస్తారు, అది నిజం కూడా. మధ్యలో మిగిలిన దారి, లోక్ అదాలత్ అనే రాజీ వేదికను నడిపే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. హన్మకొండలో అదాలత్ అని అడిగితే ఆటోవాళ్లు దింపే కోర్టు ఆవరణలోనే ఉంటుంది. కోర్టులో కేసు లేకుండానే ఇక్కడ పెట్టుకునే దరఖాస్తును ప్రి-లిటిగేషన్ పిటిషన్ అంటారు. కోర్టు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, తెలుగులో రాసి ఇచ్చినా తీసుకుంటారు. ఇరవై ముప్పై వేల అడ్వాన్స్‌కు ముందుగా తట్టాల్సిన తలుపు ఇదే.

పిటిషన్ ఒక పేజీ దాటాల్సిన పని లేదు. ఇంటి నంబరు, ఎప్పుడు దిగారు, ఎప్పుడు ఖాళీ చేశారు, అడ్వాన్స్ ఎంత, ఎలా కట్టారు, తాళాలు ఎవరికి ఇచ్చారు, ఎంత రావాలి. ఓనర్‌కు నోటీసు పోతుంది, ఒక తేదీన ఇద్దరినీ కూర్చోబెడతారు. మాట కుదిరితే దాన్ని అవార్డుగా, అంటే రాజీ తీర్పుగా రాసి సంతకాలు చేయిస్తారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. ఓనర్ తర్వాత మాట తప్పితే కొత్తగా దావా వేయకుండా అమలు పిటిషన్ వేయవచ్చు. అందుకే అవార్డులో డబ్బు ఎంతో, ఏ తేదీలోపు, ఏ ఖాతాలో వేయాలో రాయించుకోవాలి. "త్వరలో ఇస్తాను" అన్న మాటకు సంతకం పెట్టి రావద్దు.

ఈ సేవకు ఉన్న పెద్ద లోటు ఒక్కటే. ఓనర్ రాకపోయినా, వచ్చి ఒప్పుకోకపోయినా వ్యవహారం అక్కడితో ఆగుతుంది. బలవంతంగా ఇప్పించే అధికారం వాళ్లకు లేదు. డబ్బు వసూలు దావాకు ఉన్న మూడేళ్ల గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది, లాయర్ నోటీసు ఇచ్చినంత మాత్రాన అది ఆగదు. ఇంకో చిక్కు చిరునామా. నక్కలగుట్టలోనో గోపాల్‌పూర్‌లోనో ఇల్లుండి, ఓనర్ హైదరాబాద్‌లో ఉంటూ, కిరాయి మాత్రం కింద వాటావాళ్లు వసూలు చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. పిటిషన్‌ను కిరాయి వసూలు చేసినవాళ్ల మీద కాదు, ఓనర్ పేరు మీద, ఆయన ఉండే చిరునామాకు పెట్టాలి. ఇల్లు మధ్యలో అమ్ముడుపోయి ఉంటే పాత, కొత్త ఓనర్లిద్దరి పేర్లూ రాయండి.

అక్కడ కూర్చున్నాక అసలు బేరమంతా కటింగుల మీదే. పెయింటింగ్ పేరుతో ఒక నెల కిరాయి పట్టుకోవడం మన దగ్గర రివాజు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఏమంటుందంటే, ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతే, కిరాయిదారు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి. మామూలు వాడకం వల్ల వచ్చిన అరుగుదలకు, ఆపలేని విపత్తు వల్ల జరిగిన నష్టానికి మాత్రం బాధ్యత లేదు. కాబట్టి నాలుగేళ్లు ఉన్న ఇంట్లో వెలిసిన రంగుకు మీరు కట్టనక్కర్లేదు. పగిలిన వాష్ బేసిన్‌కు కట్టాలి. పైకప్పు నుంచి దిగిన చెమ్మ మీది కాదు. 2023 జులై వరదలాంటిది వచ్చి తలుపులు ఉబ్బితే అదీ మీది కాదు. అయితే అగ్రిమెంట్‌లో "పెయింటింగ్‌కు ఒక నెల కిరాయి" అని రాసి మీరు సంతకం పెట్టి ఉంటే ఈ వాదన చాలావరకు నిలవదు. పదకొండు నెలల అగ్రిమెంట్ చదవకుండా సంతకం పెట్టేవాళ్లు నష్టపోయేది ఇక్కడే.

కరెంటు లెక్కలో చాలామంది వదిలేసేది ఏసీడీ. కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్ ఏడాది వాడకం చూసి బిల్లులో కలిపే అదనపు డిపాజిట్ అది. సర్వీస్ ఎవరి పేరున ఉంటే ఆ డిపాజిట్ వాళ్లది. కిరాయిదారు కట్టి ఉంటే ఓనర్ నుంచి తిరిగి అడగాలి. 2023 మొదట్లో ఈ ఏసీడీ మీద వరంగల్, కరీంనగర్ వైపు పెద్ద గొడవే అయింది. ఆ బిల్లులు దాచుకున్నవాళ్లు ఆ మొత్తాన్నీ పిటిషన్‌లో కలపండి. ఆఖరి నెల వాడకానికి, తాళాలిచ్చే రోజు మీటరు మీది రీడింగ్ ఫొటో తీస్తే చాలు. అగ్రిమెంట్‌లో వేరేలా రాసుకోకపోతే ఇంటిపన్ను ఓనర్‌దే, దాన్ని అడ్వాన్స్‌లో కోయడానికి వీల్లేదు.

కాగితాల్లో అన్నిటికన్నా గట్టిది యూపీఐలో అడ్వాన్స్ వేసిన ఎంట్రీ. నగదు ఇచ్చి ఉంటే ఖాళీ చేయకముందే "మీ దగ్గర మా అడ్వాన్స్ ఇంత ఉంది కదా" అని వాట్సాప్‌లో మర్యాదగా అడిగి జవాబు రాబట్టండి. లోక్ అదాలత్‌లో ఫోన్ చూపించినా మాట సాగుతుంది. అదే దావా దాకా పోతే ఫోన్‌లోని ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి కాబట్టి ఆ ఫోన్ మార్చేయకండి. పిటిషన్‌కు ముందు పదిహేను రోజుల గడువుతో ఓనర్‌కు స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి రసీదు పెట్టుకోండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కనుక కౌంటర్‌లో అందినట్టు రుజువు కూడా కావాలని చెప్పి తీసుకోవాలి.

హాస్టల్ అడ్వాన్స్ సంగతి వేరు. భోజనం, గది కలిపి ఇచ్చేది సేవ కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ముందుగా 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కిరాయి ఇంటి అడ్వాన్స్‌కు మాత్రం ఈ దారి మామూలుగా పనికిరాదు.

ఓనర్ లోక్ అదాలత్‌కు రాకపోయి దావా వేయాల్సి వస్తే మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో సంబంధం లేకుండా అదే సంస్థ నుంచి ఉచితంగా వకీలును అడగవచ్చు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కు ఫోన్ చేస్తే చెప్తారు.